నలభై సంసారాల శీలావతి: ప్రాజెక్టు డైరీ

మే 28, రోహిణి కార్తె

కాలువలు ఇంకా కట్టేసే ఉన్నాయి. ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలేదాకా, కట్టేసే ముందు నింపి పెట్టుకున్న చెరువులతోనే నెట్టుకురావాలి. గట్టు మీద పని తక్కువగా ఉన్న రోజులివే కాబట్టి, తలపెట్టిన పని ఏంటో ఇప్పుడే కాగితం మీద పెడుతున్నాం.

శీలావతి (రోహు) చేపలో ఎదుగుదలను తరం తరానికీ పెంచాలి. పద్ధతి కొత్తదేం కాదు. నార్వేలో సాల్మన్ చేపకు 1971లోనే మొదలుపెట్టారు. పశువుల సంతతి మీద పనిచేసిన హారాల్డ్ షెర్‌వోల్డ్, ఆయనతోపాటు త్రిగ్వె యెడ్రెమ్ సుమారు 40 నదుల నుంచి గుడ్లు తెచ్చి, కుటుంబాలుగా విడదీసి పెంచి, ఏ కుటుంబం పిల్లలు బాగా పెరిగాయో చూసి వాటినే తర్వాతి తరానికి తల్లిదండ్రులుగా పెట్టారు. శీలావతికి ఇదే పని 1992లో భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలోని సీఫా అనే మంచినీటి చేపల పరిశోధన సంస్థలో నార్వే వాళ్ళ తోడుతో మొదలైంది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర చేపలను, ఫారం చేపలను కలిపి ఎంపిక చేశారు. 1997లో, స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన సందర్భానికి, ఆ రకానికి 'జయంతి' అని పేరు పెట్టారు. తరానికి సగటున 17 శాతం దాకా ఎదుగుదల పెరిగింది.

జయంతి ఉండగా మళ్ళీ మనకెందుకు అంటే, జయంతి పిల్ల తెచ్చుకున్నా రెండు మూడు తరాల్లో దాన్ని పాడుచేసుకుంటున్నాం. డెల్టాలో హేచరీకి (గుడ్లు పొదిగించి చేప పిల్లలు తీసే చోటు) తల్లి చేప ఎలా మిగులుతుందో చూడండి. పట్టుబడిలో కిలోన్నర దాటినవన్నీ ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి కోల్‌కతా, అస్సాం వెళతాయి. మిగిలిన పీలవి చెరువులోనే ఉండి, రెండేళ్ళు నిండి, తల్లి చేపలవుతాయి. ఇది కూడా ఎంపికే, కాకపోతే తిరగేసి చేస్తున్నది. పైగా ఒక్క శీలావతి కిలోకు రెండు మూడు లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి పది చేపలుంటే సీజను గడిచిపోతుంది. ఆ పదిలోనూ అక్కాచెల్లెళ్ళే ఎక్కువ.

దగ్గరి రక్తం ఎంత వేగంగా కలుస్తుందో చెప్పే లెక్క ఒకటుంది: ఎనిమిదిని మగవాటి సంఖ్యతో హెచ్చించి ఒకటిని దానితో భాగించాలి, ఆడవాటికీ అలాగే చేసి రెండూ కూడాలి. 5 మగ, 10 ఆడ పెడితే తరానికి 3.75 శాతం. 20 మగ, 40 ఆడ పెడితే 0.94 శాతం. ఒక శాతం దాటకూడదన్నది మేం పెట్టుకున్న గీత. కాబట్టి ఒక మగకు రెండు ఆడ చొప్పున 40 కుటుంబాలు. పనివాళ్ళు అప్పుడే వీటికి 'సంసారాలు' అని పేరు పెట్టేశారు.

జూన్ 12, మృగశిర

తల్లి చేపలు మూడు రకాలవి: జయంతి మూలం ఉన్నవి, గోదావరిలో వలకు పడ్డవి, రెండు వేరువేరు హేచరీల పాత చేపలు. కాగితం మీద ఇది సులువుగా కనిపిస్తుంది కానీ, మూడు చెరువుల చేపలూ ఒకే రోజు పక్వానికి రావు. తవుడు మీదే ఉన్నవాటికి కడుపు కనిపిస్తుంది గానీ లోపల కొవ్వే. వేరుశనగ చెక్క కలిపి మూడు నెలలు మేపినవాటికి గుడ్డు కట్టింది.

చూసే పద్ధతి: మగ చేప రొమ్ము రెక్క లోపలి వైపు వేలితో రాస్తే గరుకుగా తగలాలి, పొట్ట మెల్లగా అదిమితే పాలలాంటి ద్రవం రావాలి. ఆడదానికి రెక్క నున్నగా ఉంటుంది, పొట్ట మెత్తగా, ద్వారం ఉబ్బి ఎర్రగా ఉంటుంది. పొట్ట పెద్దదిగా ఉండి గట్టిగా తగిలితే వదిలేయాలి. అలాంటిదానికి గుడ్డు పెట్టించే సూది వేస్తే గుడ్డు గడ్డలు గడ్డలుగా వస్తుంది.

ఎంచిన ప్రతి చేపకూ వీపు కండలో ట్యాగు వేశాం. ఇది 12 మిల్లీమీటర్ల గాజు గొట్టం, బియ్యపు గింజ కంటే కాస్త పొడుగు. లోపల బ్యాటరీ ఉండదు. రీడరు దగ్గర పెట్టినప్పుడు 15 అంకెల నంబరు పలుకుతుంది.

జూన్ 23, ఆరుద్ర

మొదటి విడత: 5 మగ, 10 ఆడ. మామూలుగా హేచరీలో గుండ్రటి తొట్టెలో ఆడామగా కలిపి వదిలేస్తే అవే గుడ్లు పెడతాయి. ఇక్కడ అది పనికిరాదు. ఏ గుడ్డు ఎవరిదో తెలియాలి కాబట్టి చేప పొట్టను చేత్తో పిండి గుడ్లు తీయాల్సిందే.

సాయంత్రం ఆరింటికి రెడీమేడ్ హార్మోను ఇంజక్షన్: ఆడకు కిలోకు 0.4 మిల్లీలీటరు, మగకు 0.2. రొమ్ము రెక్క మొదట్లో, పొలుసు కింద నుంచి సూది వాల్చి వేయాలి. నీళ్ళు 28 డిగ్రీలు. ఐదో గంట దాటాక గంటకోసారి చూశాం. చేపను పైకెత్తి తోక కాస్త వంచితే గుడ్డు దానంతట అదే జారాలి. అంతదాకా ఆగాలి. ఆగలేక గట్టిగా నొక్కితే రక్తం వస్తుంది, ఆ బేసిన్ మొత్తం పోయినట్టే. జారడం మొదలయ్యాక మాత్రం ఆలస్యం పనికిరాదు. గుడ్డు లోపలే ముదిరి, ఫలదీకరణ పడిపోతుంది.

బేసిన్, చేప పొట్ట, చెయ్యి మూడూ పొడిగా ఉండాలి. నీటి చుక్క తగిలితే మగ కణాలు కదలడం మొదలుపెట్టి నిమిషంలోపే నిస్సత్తువైపోతాయి. ఒక మగ చేప ద్రవాన్ని సిరంజిలోకి తీసి, రెండు ఆడ చేపల బేసిన్లకు సగం సగం పోసి, కోడి ఈకతో రెండు నిమిషాలు కలిపి, అప్పుడు నీళ్ళు పోశాం. మూడు నాలుగు సార్లు కడిగేసరికి గుడ్లు ఉబ్బి సగ్గుబియ్యంలా అవుతాయి.

గుడ్లు పొదిగించే జాడీలకు డబ్బు పెట్టలేదు. 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్ల అడుగు కోసి, తలకిందులుగా చెక్క చట్రంలో దించి, మూతిలోంచి పైకి నీళ్ళు వచ్చేలా గొట్టం బిగించాం. ఉబ్బిన గుడ్లు క్యాన్‌కు లీటరు మించనివ్వలేదు. నీటి జోరు ఎంతుండాలో లీటర్లలో చెప్పడం కంటే చూసి పెట్టుకోవడమే మేలు: గుడ్లు అడుగు నుంచి లేచి మధ్యలోనే దొర్లి కిందికి దిగాలి, అంచు దాటకూడదు, అడుగున మేట వేయకూడదు. కరెంటు పోతే ఐదు నిమిషాల్లో మేట వేస్తాయి. అందుకే పైన ట్యాంకు పెట్టి, నీళ్ళు వాటంతట అవే దిగేలా చేశాం. మోటారు నేరుగా గొట్టానికి కలపలేదు.

16 గంటలకు పొదిగాయి. పదికి పది కుటుంబాలూ దక్కాయి.

జూలై 19, పుష్యమి

రెండు, మూడు విడతలు బాగానే నడిచాయి, రాయాల్సిందేం లేదు. నాలుగో విడత దెబ్బతింది.

గోదావరికి ఎర్రనీరు వచ్చింది. పులస కోసం ఎదురుచూసేవాళ్ళకు పండగే గానీ, గుడ్లకు కాదు. కాలువ నీళ్ళను ట్యాంకులో ఆరు గంటలు నిలిపితే చాలనుకున్నాం. సన్నని బంకమన్ను ఆరు గంటల్లో దిగలేదు. తెల్లారి చూస్తే గుడ్ల పైపొర మీద ఇటుక రంగు పూత ఉంది. అలాంటి గుడ్డుకు ఊపిరాడదు, బరువెక్కి అడుగున కూర్చుంటుంది, దాని మీద బూజు వస్తుంది, ఆ బూజు పక్క గుడ్డుకు పాకుతుంది. మూడు క్యాన్లు పూర్తిగా పోయాయి. 40 అనుకున్నవి 37 అయ్యాయి.

దిద్దుబాటు: ట్యాంకులు రెండు పెట్టి, ఒకదానిలో 24 గంటలు నిలిపాక పైనీళ్ళు మాత్రమే రెండోదానికి తోడటం, అక్కడి నుంచి క్యాన్లకు పోయే గొట్టానికి 60 మెష్ (అంగుళానికి 60 కళ్ళున్న) గుడ్డ కట్టడం. గుడ్డ మట్టి కోసం కాదు. కంటికి తెల్ల చుక్కల్లా కనిపించే సైక్లాప్స్ వంటి పురుగులు అప్పుడే పొదిగిన పిల్లను కొరికేస్తాయి, వాటిని ఆపడానికి. బోరు నీళ్ళు వాడమని సలహా వచ్చింది. ఈ చుట్టుపక్కల బోర్లలో ఉప్పు, ఇనుము రెండూ ఎక్కువే, ఆ దారి వద్దనుకున్నాం.

ఆగస్టు 8

పచ్చసొన కరిగిన మూడో రోజు పిల్లలను హాపాల్లోకి, అంటే చెరువులో కట్టే వల పెట్టెల్లోకి మార్చాం. ఒక్కో కుటుంబానికి ఒక్కో హాపా: 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. 37 హాపాలూ ఒకే చెరువులో వెదురు గెడలకు కట్టాం. లెక్క 3,000 చొప్పున. టీ వడగట్టు నిండా తీసిన పిల్లను ఒక్కసారి ఎంచి, మిగతావి వడగట్టు లెక్కన పోశాం.

లెక్క సమానంగా ఉండటం మీదే అంతా ఆధారపడి ఉంది. ఒక హాపాలో 2,000, పక్కదానిలో 4,000 ఉంటే, పల్చగా ఉన్నవి పెద్దవవుతాయి. అది రక్తం గొప్పతనం కాదు, చోటు గొప్పతనం. ఆ తేడా తర్వాత పెద్ద చెరువులో కలిపినా ఏడాది దాకా వాటిని అంటిపెట్టుకునే ఉంటుంది. సాల్మన్ వాళ్ళు కుటుంబాలను తొట్టెల్లో పెంచేటప్పుడు దీన్నే తొట్టె ప్రభావం అని విడిగా లెక్కగడతారు.

అంగుళం సైజుకు వచ్చాక పెద్ద కన్ను వల ఉన్న 4×2 మీటర్ల హాపాలకు మార్చి, 200 చొప్పున ఉంచాం. ఇక్కడ ఒక అలవాటును మాన్పించాల్సి వచ్చింది. నర్సరీలో పనిచేసిన చెయ్యి చూడకుండానే చిన్నపిల్లను ఏరి పక్కన పడేస్తుంది. "అయ్యా, ఇవి ఎదగవండీ" అని చెప్పి మరీ పడేస్తారు. ఎదగని పిల్లలు ఎన్నున్నాయన్నదే మాకు కావాల్సిన సమాచారం. అందుకే కళ్ళు మూసుకుని ముంచినట్టు, మగ్గుతో తీసిన మొదటి 200నే ఉంచాం.

మేత అన్ని హాపాలకూ ఒకే రోజు కలిపిన వేరుశనగ చెక్క పొడి, తవుడు సగం సగం. పాచి పట్టి హాపా కళ్ళు మూసుకుపోతే లోపల ఆక్సిజన్ పడిపోతుంది. నాలుగు రోజులకోసారి బ్రష్షుతో రుద్దడం, అదీ 37ను ఒకే పూటలో. సగం ఇవాళ, సగం రేపు అంటే అదొక తేడా.

సెప్టెంబరు 9

14వ హాపాలో చేతికి తగిలినంత మేర పిల్ల పల్చగా ఉంది, 15లో కిక్కిరిసి ఉంది. ఎత్తి చూస్తే రెండూ ఆనుకున్న మూలలో రూపాయి బిళ్ళంత చిల్లులు. అంచు చిరిగినట్టు కాదు, కత్తెరతో కత్తిరించినట్టుంది: ఎండ్రకాయ పని. గెడ పాకి వచ్చి, అడుగున పేరుకున్న మేత కోసం వల కోస్తుంది.

రెండు కుటుంబాలనూ పూర్తిగా పక్కన పెట్టేశాం. పెద్ద పిల్ల 14ది, చిన్నది 15ది అని ఊహించి విడదీద్దామన్న ఆలోచన వచ్చింది. అలా చేస్తే ఫలితాన్ని ముందే రాసి పరీక్ష పెట్టినట్టవుతుంది. 35 మిగిలాయి. హాపాల మధ్య అర మీటరు ఎడం పెట్టి, అడుగును నేలకు తగలకుండా జానెడు పైకి కట్టాం. నీటికాకుల కోసం పైన వల ఎలాగూ ఉంది.

నవంబరు 6

ట్యాగులు. కుటుంబానికి 50 చొప్పున 1,750. పిల్ల 15 గ్రాములు దాటాకే వేయాలి. అంతకంటే చిన్నదానికి గొట్టం కడుపులో ఇరుకైపోతుంది.

ముందు రోజు మేత ఆపాలి. నిండు పేగుకు సూది తగిలితే చేప ఆ పూటే పోతుంది. మత్తుకు లవంగ నూనె. నూనె నీళ్ళలో కలవదు కాబట్టి ఒక వంతు నూనెకు తొమ్మిది వంతుల స్పిరిట్ కలిపి పెట్టుకుని, ఆ ద్రావణం 5 మిల్లీలీటర్లు 10 లీటర్ల నీళ్ళలో. రెండు మూడు నిమిషాల్లో పిల్ల పక్కకు ఒరుగుతుంది, మొప్పలు మాత్రం ఆడుతూ ఉండాలి. మొప్పలు ఆగేదాకా ఉంచితే తేరుకోదు. అందుకే ఒకసారికి పదికి మించి వేయలేదు.

సూది పొట్ట రెక్క వెనక, నడి గీతకు కాస్త పక్కగా, తల వైపు వాల్చి. నిటారుగా గుచ్చకూడదు. సూది ఒక పొలుసు కిందికి దిగగానే చెయ్యి వాల్చేస్తే చర్మం కింద చిన్న సొరంగం ఏర్పడుతుంది, ట్యాగు వెనక్కి జారదు. చివరన వేలితో రెండు క్షణాలు అదిమి, రీడరులో నంబరు చూసి, కుటుంబం పక్కన రాసి, 2 శాతం ఉప్పు నీళ్ళలో నిమిషం ముంచి హాపాలోకి. సూదిని ప్రతి చేపకూ స్పిరిట్‌లో తుడవాలి. 50 చేపలకు ఒక సూది మార్చాలి, మొద్దుబారితే చర్మం చీలుతుంది.

మొదటి గంట రీడరు సగం చేపలకు పలకలేదు. చేపలను కోసి చూద్దామనుకునేంతలో తెలిసింది, బల్ల ఇనుపదని. పక్కనే ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) మోటారు కూడా తిరుగుతోంది. చెక్క బల్ల వేసి, మోటారుకు ఇరవై అడుగులు దూరం జరిగాక అన్నీ పలికాయి.

రెండు రోజులు హాపాలోనే ఉంచి, అడుగున రీడరు తిప్పి రాలిన ట్యాగులు ఏరుకున్నాం. అవి ఏ చేపవో కుటుంబం తెలుసు కాబట్టి మళ్ళీ వేయగలిగాం. తర్వాత ఒక్కోటి ఎకరం ఉన్న రెండు చెరువుల్లోకి కుటుంబానికి 25 చొప్పున, చెరువుకు 875. మిగతా చోటును ట్యాగు లేని శీలావతి, బొచ్చెతో డెల్టాలో రైతు వేసే లెక్కకు నింపాం. ఒక చెరువుకు చిల్లుల బస్తాల్లో నూనె తీసిన తవుడు, చెక్క. రెండోదానికి తేలే గుళిక మేత. కావాలనే రెండూ పెట్టాం, కారణం లెక్కల దగ్గర తేలుతుంది.

జనవరి 17

చలికి మేత తగ్గింది. పేను పట్టింది, బస్తాల చెరువులోనే ఎక్కువ. ఆర్గులస్ అనే ఈ చేప పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది కాబట్టి వెదురు తడికలు దించి, నాలుగు రోజులకోసారి తీసి ఎండలో ఆరేస్తున్నాం. శాంపిల్ వల వేసినప్పుడు చేపకు ఎన్ని పేలున్నాయో ట్యాగు పక్కన రాస్తున్నాం. ఇప్పుడే దీన్ని ఎంపికలో కలపడం లేదు. రాసి పెట్టుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది, రాయనిది ఎప్పటికీ దొరకదు.

రెండో ఏడాది, నవంబరు 20

తూకం రోజు. రెండు చెరువుల్లో కలిపి ట్యాగు పలికినవి 1,412.

ఈ ఒక్కరోజు తప్పు దొర్లితే రెండేళ్ళ పని తప్పవుతుంది. తడి చేప వెంట నీళ్ళు వస్తాయి, కాటా మీద టబ్బు బరువు పెరుగుతూ పోతుంది. అందుకే ప్రతి 20 చేపలకు టబ్బు ఒంపి కాటాను సున్నాకు తెచ్చాం. నంబరును చేత్తో రాయలేదు, రీడరు నుంచి నేరుగా ఫోనులోకి ఎక్కేలా పెట్టాం. బరువుతోపాటు పొడవూ కొలిచాం. పొడవు మీద మోజుతో కాదు, తప్పులు పట్టుకోవడానికి. 34 సెంటీమీటర్ల చేప 1,860 గ్రాములు ఉండదు, అది 680 అయి ఉండాలి. అలాంటివి సాయంత్రమే కనిపిస్తాయి, చేప ఇంకా హాపాలోనే ఉంటుంది, మళ్ళీ తూచవచ్చు. వారం తర్వాత కనిపిస్తే కొట్టేయడం తప్ప దారి లేదు.

పెద్ద చేప పడ్డప్పుడల్లా వలవాళ్ళు "దీన్ని తల్లికి ఉంచేద్దామండీ" అంటూనే ఉన్నారు. ఏది ఉండాలో ఆ రోజు ఎవరికీ తెలియదు. అన్నీ చెరువులోకే.

డిసెంబరు 14

లెక్కలు. ముందు పోలికకు అడ్డొచ్చే తేడాలను సరిచేయాలి: ఏ చెరువు, ఆడా మగా, ఏ విడతలో పుట్టింది. మొదటి విడతకూ నాలుగో విడతకూ దాదాపు నాలుగు వారాల వయసు తేడా. అది తీయకపోతే జూన్‌లో పుట్టిన కుటుంబాలన్నీ మొనగాళ్ళలా కనిపిస్తాయి.

ఒక తరంలో ఎంత లాభం ఆశించవచ్చో ఉదాహరణ లెక్క: చెరువు సగటు 900 గ్రాములు, తల్లిదండ్రులుగా ఎంచినవాటి సగటు 1,200. తేడా 300. బరువులో రక్తం వాటా 0.25 అనుకుంటే, పిల్లల సగటు పెరిగేది 75 గ్రాములు, అంటే 8 శాతం పైచిలుకు. మిగతా 225 గ్రాములు తిండి, చోటు, అదృష్టం. అవి పిల్లలకు రావు. చెరువులో పెద్ద చేపను ఏరి పెడితే సరిపోదా అనేవాళ్ళకు జవాబు ఈ 225 గ్రాముల్లోనే ఉంది. చేప సొంత బరువుతోపాటు దాని తోబుట్టువులు రెండు చెరువుల్లో ఎలా ఉన్నాయో కలిపి చూస్తే ఆ అదృష్టాన్ని కొంత వడగట్టవచ్చు. బ్లప్ అనే గణాంక పద్ధతి చేసేది అదే. ఒక మగకు రెండు ఆడ పెట్టింది కూడా ఇందుకే. సగం తోబుట్టువులు ఉంటే తండ్రి వాటా వేరుగా తెలుస్తుంది.

బతుకుదల లెక్క వేరు. చచ్చిన చేపను తల్లిగా పెట్టలేం కదా. దానికి కుటుంబంలో ఎన్ని మిగిలాయన్నదే కొలత. సాల్మన్‌లో రోగాలకు ఇదే దారి: కొన్ని తోబుట్టువులకు విడిగా రోగం అంటించి చూసి, బాగా తట్టుకున్న కుటుంబంలోని ఆరోగ్యమైన తోబుట్టువులను సంతానానికి వాడతారు. ఐపీఎన్ అనే వైరస్ రోగం విషయంలో 2008–09లో స్కాట్లండ్, నార్వే బృందాలు ఒక్క క్రోమోజోము భాగమే చాలావరకు దాన్ని నిర్ణయిస్తోందని కనిపెట్టాక, జన్యు పరీక్షతోనే ఏరగలుగుతున్నారు. శీలావతి పేనుకు అంత సులువు దారి మా చేతిలో లేదు.

ఇక రెండు చెరువుల సంగతి. గుళిక మేత చెరువులో మూడో స్థానంలో ఉన్న కుటుంబం బస్తాల చెరువులో 22వది. మొదటి పదిలో ఆరు మాత్రమే రెండు చోట్లా ఉన్నాయి. కొనే రైతు బస్తా కట్టేవాడైతే మొగ్గు బస్తాల చెరువు ఫలితానికే ఇవ్వాలి. గుళికల మీద మెరిసిన ఆ కుటుంబాన్ని వదిలేశాం, బాధగానే.

కుటుంబానికి మూడు చేపలకు మించి తీసుకోలేదు. గీత గీయకపోతే మొదటి నాలుగు కుటుంబాలతోనే జాబితా నిండిపోయేది.

మూడో ఏడాది, మే 30

చేపలకు రెండేళ్ళు నిండవస్తున్నాయి. శీలావతికి తరం అంటే ఇదే, రెండేళ్ళు. సాల్మన్‌కు నాలుగు, అందుకే నార్వేలో ఏటా ఒక తరం చొప్పున నాలుగు వరసలు పక్కపక్కన నడిపారు. ఈ ఒక్క విషయంలో మేం వాళ్ళకంటే అదృష్టవంతులం.

జతల జాబితా గోడకు అతికించాం: 20 మగ, 40 ఆడ, తల్లిగానీ తండ్రిగానీ ఒకటే అయిన జత ఒక్కటీ లేకుండా. చేపను పట్టాక ట్యాగు చదివి జాబితాతో సరిపోల్చేదాకా ఇంజక్షన్ వేయకూడదని పక్కనే రాశాం. ఒక మగకు ట్యాగు పలకడం లేదు. చూడ్డానికి అన్నిటికంటే బలిష్ఠమైనది అదే. దాని బదులు జాబితాలో తర్వాతిది పెట్టాం.

ఈసారి క్యాన్లు 46. ఆరు అదనంగా పెట్టింది, సరిగ్గా సగటు విలువ ఉన్న తల్లిదండ్రుల పిల్లల కోసం. అవి పక్కన పెరగకపోతే, వచ్చే ఏడాది చేప పెద్దదైతే అది ఎంపిక వల్లో, వానలు బాగా పడటం వల్లో చెప్పలేం. నీళ్ళ ట్యాంకు మూడోది కట్టడం అయింది. 60 మెష్ గుడ్డ పాతది చిరిగింది, ఎనిమిది మీటర్లు కొత్తది తెప్పించాలి.